మంచె మీదే ఉన్నాడు

మా అత్తగారి ఊళ్లో మనిషి కనబడకపోతే ముందు వెతికేవాళ్లు కాదు. ఎవరితో పోయాడో తేల్చేవాళ్లు. అది తేలాక ఎందుకు పోయాడో తేల్చేవాళ్లు. ఆ రెండూ తేలి, ఇంకా ఓపికా పొద్దూ మిగిలితే, అప్పుడు ఎవరో ఒకరు పైపంచె దులుపుకుని లేచి "పోయి సూద్దామా?" అనేవారు. మా మామ తప్పిపోయినప్పుడు చావడి నిండా పెద్దమనుషులు ఉండి కూడా మూడు రోజుల దాకా ఆ మాట ఎవరి నోటా రాలేదు.

తప్పిపోయాడని ఊరు అంది కాబట్టి నేనూ అంటున్నాను. ఆయన ఎక్కడికీ పోలేదు. ప్రాణం పోయి, తన చేలో తన మంచె మీద తానే, బాటన పోయే ప్రతివాడికీ కనబడేటట్టు కూర్చుని ఉన్నాడు. ఊరంతా ఆయన్ను చూసింది. చూసి నవ్వుకుంది కూడా. ఆ తర్వాత ఆయన్ను చంపి దాచాడని ఒక అమాయకుణ్ణి పట్టుకుని కట్టేసింది. ఇంత తెలివి ఒక్క ఊరికే ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నిజాం సర్కారు నడుస్తున్న రోజులు. తెలకపల్లి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బండ్ల బాటను ఆనుకుని మా జొన్న చేను ఉండేది. చేను మధ్య నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి మంచె కట్టారు. కంకి పాలు పోసుకున్న నాటి నుంచి కోత దాకా మా మామ కాపురమంతా ఆ మంచె మీదే. వడిసెలలో రాయి పెట్టి విసిరి పిట్టలను తోలేవాడు. పొద్దున ఒకసారి ఇంటికి వచ్చి, స్నానం చేసి, రొట్టె తిని మళ్లీ పోయేవాడు. మధ్యాహ్నం బువ్వ నేను తీసుకుపోయేదాన్ని.

తోలేవాడు అన్నాను గానీ, అందులో సగం పని బొమ్మది. మామ కల్లుకు పోవాలన్నా, సంతకు పోవాలన్నా, ఊరికే నాలుగు మాటలు చెప్పుకోవాలన్నా మంచె మీద బొమ్మను కూర్చోబెట్టి పోయేవాడు. జొన్న చొప్ప కట్టతో ఒళ్లు, పాత కుండతో తల, కుండకు తన తలరుమాలు చుట్టి, పైనుంచి తన గొంగడి కప్పేవాడు. బాట మీది నుంచి చూస్తే అచ్చం మామే. పిట్టలు రెండు రోజుల్లో కనిపెట్టేవి, మనుషులు కనిపెట్టేవాళ్లు కాదు. ఆ సంగతి దాచుకుంటే బాగుండేది. దాచుకోకుండా చావడిలో కూర్చుని "నాకున్నసొంటి జీతగాడు ఎవనికన్న ఉన్నడా? తిండి అడగడు, బీడీ అడగడు" అని ఊరంతా చెప్పుకున్నాడు. దాంతో మా మంచె మీద ఎవరు కనబడినా బొమ్మే అయి ఉంటుందని ఊరికి నమ్మకం కుదిరిపోయింది.

నాకు అప్పటికి పదిహేడేళ్లు. కాపురానికి వచ్చి మూడో ఏడు. ఆ ఇంట్లో కోడలు మామతో మాట్లాడకూడదు, మామ ముఖం సూటిగా చూడకూడదు. బావ, అంటే మా ఆయన అన్న, ఎదట కూడా నిలబడకూడదు. మామకు నాతో పని పడితే ఎద్దుతో చెప్పేవాడు, నేను వినేదాన్ని. ఎద్దు దగ్గర లేకపోతే ఆకాశంతో చెప్పేవాడు. ఒకసారి నాకు జ్వరం వస్తే పెరట్లో నిలబడి "ఎద్దుకు ఒళ్లు కాలుతున్నట్లుంది, ఇయ్యాల దానితోని పని జేపియ్యొద్దు" అని గట్టిగా అన్నాడు. ఆ పూట మా అత్త నన్ను పడుకోనిచ్చింది. ఎద్దును మాత్రం మా ఆయన చేనుకు తోలుకుపోయాడు.

ఆ ఏడు చలి పట్టి పీడించింది. ఒకరోజు మధ్యాహ్నం నేను బువ్వ తీసుకుపోయి మంచె గుంజ దగ్గర పెట్టి, అటు తిరిగి గాజులు కదిలించాను. వచ్చానని చెప్పడానికి అదే మాట. పైనుంచి మామ ఆకాశంతో అన్నాడు: "బొమ్మకేం చలి? చలి నాకు. గొంగడి నాకే గావాలె. ఈ కుండ, ఈ రుమాలు ఇంటికి పోతె మంచిగుండు." అని కుండలో రుమాలు పెట్టి తాడుతో కిందికి దించాడు. చొప్ప కట్ట విప్పి, మెత్తగా ఉంటుందని తన కిందే పరుచుకున్నాడు. రుమాలు ఉతికి ఆరేశాను. కుండ కడిగి వంటింట్లో మూలన పెట్టాను. కోడలు ఇంటికి కుండ తెస్తే అదేం ముచ్చట? ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ మరునాడు పొద్దున మామ ఇంటికి రాలేదు.

మా బావ చేనుకు పోయాడు. చేనులోకి అంటే చేనులోకి కాదు, గట్టు దాకా. కాళ్లకు మంచు తడి అంటుతుందని గట్టు మీదే నిలబడి రెండు కేకలు వేసి, మంచె వైపు ఒక చూపు చూసి వచ్చేశాడు. వాకిట్లోంచే అత్తతో అన్నాడు: "నాయిన లేడమ్మా. బొమ్మను కూసోవెట్టి ఎటో పోయిండు."

వంటింట్లో రొట్టె చేస్తున్నదాన్ని, ఆ మాట విని మూలకు చూశాను. బొమ్మ తల నా వంటింట్లో ఉంది. మంచె మీద ఏ బొమ్మ కూర్చుంది మరి? ఇంకో బొమ్మ చేశాడేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. చేను నడుమ ఇంకో కుండ ఎక్కడ దొరుకుతుంది అని మాత్రం నన్ను నేను అడగలేదు. అడిగితే జవాబు వచ్చేది, జవాబు వస్తే బావ ఎదటికి పోయి చెప్పాల్సి వచ్చేది. రొట్టె మాడింది. మా అత్త అందుకు తిట్టింది. లేని మనిషికి బువ్వెందుకని ఆ మధ్యాహ్నం నన్ను చేనుకు పంపలేదు.

పొద్దు కాస్త ఎక్కాక చెంచు ఆయన వచ్చాడు. అమ్రాబాద్ అవతలి కొండల నుంచి ఏటా చలికాలంలో తేనె, బంక తెచ్చి మా ఊళ్లో జొన్నలకు మార్చుకుపోయేవాడు. కొండ చరియకు తాడు కట్టుకుని కిందికి దిగి తేనె పట్టు తీస్తాడని చెప్పేవాళ్లు. నాలుగు రోజుల ముందే ఆయనకూ మా మామకూ తేనె దగ్గర మాటా మాటా పెరిగింది. "బెల్లం పాకం గలిపినవ్" అంటూ మామ మూడుసార్లు వేలు ముంచి నాకాడు, నాకిన ప్రతిసారీ ఇంకా గట్టిగా అన్నాడు. "నువ్వు నా తేనె ముట్టొద్దు పో" అని ఆయన కుండ లాక్కున్నాడు. ఊరంతా విన్నది. వినకపోతే వాళ్లకు ఆ రోజు అన్నం అరిగేది కాదు.

ఆ చెంచు ఆయన మా వాకిట్లో నిలబడి అన్నాడు: "పెద్దయ్యతోని మాట కలుపుకుందమని చేనుకు వోయిన. మంచెమీదనే కూసున్నడు. రెండుమార్లు పిలిస్తే పలకలే. ఇంక కోపం పోలేదేమొ. జర మీరన్న చెప్పున్రి."

బావ పగలబడి నవ్వాడు. "అది బొమ్మ! అడవిల పులి అడుగు గుర్తువడ్తవంట, బొమ్మను గుర్తువట్టలేవా?"

"బొమ్మ కాళ్లు ముడుసుకోని కూసుంటదా?" అన్నాడు ఆయన.

ఆ మాట నేను తలుపు వెనక నుంచి విన్నాను. బావ వినలేదు. నవ్వు ఆపుకోలేక, చావడిలో చెప్పుకోవడానికి అప్పటికే వీధిలోకి నడిచాడు. పొద్దు గుంకే సరికి ఊరంతా అదే నవ్వు.

రెండో రోజుకు మా అత్త ఏడుపు మొదలుపెట్టింది. చెప్పకుండా పోవడం మామకు అలవాటే గానీ, రుమాలు బొమ్మకు చుట్టకుండా ఎప్పుడూ పోలేదని దండెం మీద ఆరేసిన రుమాలు చూపించి ఏడ్చింది. ఆ రుమాలు అక్కడికి ఎలా వచ్చిందని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే నా నోరు తెరుచుకునేదేమో. ఇప్పుడు ఇలా అనడం సులువు.

ఇక సాక్షులు బయల్దేరారు. మామను వనపర్తి సంతలో చూశానని ఒకడు. కాదు, బిజినేపల్లి కల్లు దుకాణం ముందు చూశానని ఇంకొకడు. మూడోవాడు వాళ్లిద్దరినీ తలదన్నాడు. గద్వాల స్టేషన్లో రైలెక్కుతుంటే కళ్లారా చూశాడట, పక్కన పచ్చ చీర కట్టుకున్న ఆమె కూడా ఉందట. అంతకు ముందు నెల నుంచీ వాడు ఊరు దాటలేదని అందరికీ తెలుసు. అయినా పచ్చ చీర అనేసరికి అందరూ వాడినే నమ్మారు. మా అత్త ఆ చీర సంగతి విన్నాక ఏడుపు ఆపి తిట్లకు దిగింది. అరవై ఏళ్ల ముసలాయన, పళ్లు లేనివాడు, ఆ పచ్చ చీరతో ఏ ఊరు పోయి ఏం చేస్తాడో ఎవరూ ఆలోచించలేదు.

వెతకడానికి ఒక బండి కట్టారు. ఆ బండి మా చేను పక్క నుంచే పోయింది. అందులో మా ఆయనా ఉన్నాడు. తర్వాత ఆయనే చెప్పాడు, బండిలోని నలుగురూ మంచె వైపు చూసి "ముసలాయన ఏమో గాని, బొమ్మ మంచిగ కూసున్నది" అనుకున్నారట. జొన్న కంకుల మీద చిలకలు గుంపులుగా వాలి ఉన్నాయట. "బొమ్మకు పిట్టలు బెదుర్తలేవు" అని కూడా ఒకరు అన్నారట. అని, బండి తోలుకుని మామను వెతకడానికి వనపర్తి దారి పట్టారు.

బండి సగం దారిలోంచే ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి ఊళ్లో పోలీసు పటేలు ఆలోచన పూర్తి చేసి పెట్టాడు. సర్కారు తరఫున ఊళ్లో నేరాలు చూసేది ఆయనే. నేరం జరగక చాలా ఏళ్లయిందేమో, పాపం మొహం వాచి ఉన్నాడు. తేనె దగ్గర తగాదా ఎవరితో? చెంచుతో. చివరగా చేనుకు పోయింది ఎవరు? చెంచు. లేని మనిషిని మంచె మీద చూశానని అబద్ధం ఎందుకు చెప్పాడు? ఇక ఏం కావాలి? చెంచు ఆయన్ను పట్టుకొచ్చి చావడి రాతి స్తంభానికి కట్టేశారు. మరునాడు మధ్యాహ్నానికల్లా ఠాణా నుంచి పోలీసు అమీన్ సాబును పిలుచుకురమ్మని మనిషిని పంపారు. అమీన్ వచ్చే లోపల నేరం ఒప్పిస్తే తన పేరు పైదాకా పోతుందని పటేలు ఆశ.

"శవం యాడ వెట్టినవ్?"

"మంచెమీద ఉన్నడు."

దెబ్బ.

"నిజం జెప్పు. యాడ దాసినవ్?"

"నేను దాయలె. మంచెమీదనే ఉన్నడు. పోయి సూడున్రి."

ఇంకో దెబ్బ. ఎన్నిసార్లు అడిగినా ఆయన అదే చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ కొట్టారు. ఊరు ఊరంతా మామ ఎక్కడున్నాడని ఒక మనిషిని అడుగుతోంది, ఆ మనిషి చెబుతున్నాడు, చెబుతున్నందుకు కొడుతున్నారు. చివరికి కట్టె తీసుకుని కుడి చేతి మీద కొట్టారు. ఆ అరుపు మా పెరట్లోకి వినబడింది.

అప్పుడు నాకు భయం వేసింది. మామ కోసం కాదు. అమీన్ వచ్చి ఆయన్ను బేడీలు వేసి తీసుకుపోతే ఇక తిరిగి రాడని, చేయని హత్య నెత్తిన పడుతుందని అందరూ అనుకుంటున్నారు. నా దగ్గర ఒక్క మాట ఉంది. ఆ మాట చెబితే కట్లు విప్పుతారు.

మా ఆయనకు చెప్పాను. కుండ చూపించి, బొమ్మ మన ఇంట్లోనే ఉంది అన్నాను. ఆయన కుండ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "లోకంల ఇంకో కుండ దొరకదా? మా అన్న కండ్లార సూసొచ్చి బొమ్మ అన్నడు. నువ్వు గాదంటే మా అన్న అబద్ధాలోడా? నలుగుర్ల నోరిప్పినవంటె మర్యాద దక్కదు" అన్నాడు. నాకు కోపం రావాలి. నిజం చెప్తున్నాను, నా గుండె తేలికయింది. నోరు మూసుకోమని చెప్పే మనిషి ఒకరు దొరికారు కదా అనిపించింది.

పొద్దు వాలుతుండగా నీళ్లకు పోయాను. చావడి ముందు నుంచే దారి. ఆయన స్తంభానికి వాలి కూర్చున్నాడు. కుడి చేయి మణికట్టు దగ్గర వాచి పక్కకు తిరిగి ఉంది. నన్ను చూసి నెమ్మదిగా, "అమ్మా, నువ్వన్న జెప్పు. ఒక్కసారి పోయి సూడమను" అన్నాడు. అరుగు మీద మగవాళ్లు ఉన్నారు. నేను తల వంచుకుని దాటి పోయాను. తిరిగొచ్చేటప్పుడు వేరే దారిన వచ్చాను, దూరం ఎక్కువైనా.

ఆ రోజంతా చెప్పకపోవడానికి నాకు చాలా కారణాలు దొరికాయి. కొత్త కోడల్ని, చిన్నదాన్ని, నా మాట ఎవరు వింటారు అనుకున్నాను. అన్నీ నిజమే. ఆయన చేయి విరిగిందీ నిజమే.

మూడో రోజు తెల్లారగానే గడ్డి కోసుకొస్తానని కొడవలి, గంప పట్టుకుని చేనుకు పోయాను. చిలకలు నన్ను చూసి కూడా లేవలేదు, అంత ధీమాగా తింటున్నాయి. మంచె కింద నిలబడి అలవాటు కొద్దీ గాజులు కదిలించాను. పైన ఉలుకూ పలుకూ లేదు. మామ కూర్చున్న మంచం మీద కోడలు కూర్చోకూడదు, ఇక మామ మంచె ఎక్కడం అంటే మాటలు కాదు. కొడవలి కింద పడేసి ఎక్కాను.

గొంగడి తల మీదుగా కప్పుకుని, మోకాళ్లు ముడుచుకుని, మూల గుంజకు ఆనుకుని కూర్చున్నాడు. వడిసెల ఒళ్లో ఉంది. చలికి పోయాడో, గుండె ఆగి పోయాడో తెలియదు. గొంగడి జరిపి ముఖం చూశాను. మూడేళ్ల కాపురంలో మా మామ ముఖం నేను సూటిగా చూడటం అదే మొదలు. గడ్డం మీద చిన్న మచ్చ ఉందని కూడా అప్పుడే తెలిసింది. ఎద్దు పేరు చెప్పి నాకు జ్వరమొచ్చిందని అందరికీ వినిపించిన మనిషి. ఏడుపు తన్నుకొచ్చింది. అక్కడే కూర్చుని కాసేపు గట్టిగా ఏడ్చాను, ఆకాశంతో మాట్లాడినట్టు ఏదేదో అన్నాను.

తర్వాత దిగి చావడికి పరుగెత్తాను. కొంగు జారిందో లేదో చూసుకోలేదు. పటేలు, బావ, మా ఆయన, అందరూ ఉన్నారు. వాళ్ల ఎదట నిలబడి అరిచాను: "మంచెమీదనే ఉన్నడు మా మామ! మొన్నటి నుంచి గాడనే ఉన్నడు! పోయి సూడున్రి!"

అందరికంటే ముందు తేరుకున్నది మా బావ. తండ్రి చచ్చిపోయాడన్న కబురు విన్నాక ఆయన నోట వచ్చిన మొదటి మాట, "నువ్వు మంచె ఎక్కినవా?"

అందరూ చేనుకు పరుగెత్తారు. పోయి మంచె చుట్టూ నిలబడ్డారు. చూశారు, తలలు పట్టుకున్నారు, బావ నిజంగానే గొంతు పగిలేట్టు ఏడ్చాడు. కానీ పైకి ఎక్కి దించేవాడు లేడు. మూడు రోజుల శవం, ముట్టుకుంటే మైల అన్నారు. ఏ నక్షత్రంలో పోయాడో తెలియదన్నారు. మంచె ఊగుతోంది, ఇద్దరి బరువు మోయదు అన్నారు. అప్పుడు పోలీసు పటేలుకు మళ్లీ తెలివి పుట్టింది. తాళ్ల పని తెలిసినవాడు, ఎత్తులు అలవాటైనవాడు ఊళ్లో ఒక్కడే ఉన్నాడు. పోయి వాడి కట్లు విప్పి తీసుకురండి అన్నాడు.

తీసుకొచ్చారు. ఆయన ఎడమ చేత్తో గుంజ పట్టుకుని ఎక్కాడు. మామను గొంగడితో సహా చుట్టి, తాడు ముడి పళ్లతో బిగించి, నెమ్మదిగా, తల ఎక్కడా తగలకుండా కిందికి దించాడు. కింద పట్టుకోవడానికి చేతులున్న మగవాళ్లు చాలామందే ఉన్నారు. ఇద్దరు ముందుకు వచ్చారు.

ఆయన దిగాక పటేలు భుజం తట్టి, "పో ఇగ. నీమీద మాకేం కోపం లేదు" అన్నాడు. చేయి విరగ్గొట్టించుకున్నవాణ్ణి క్షమించేశాడు. మధ్యాహ్నం అమీన్ సాబు వచ్చి, కోడి కూర తిని, పంచనామా రాసుకున్నాడు. పటేలు చురుకుగా వెతికించబట్టి శవం దొరికిందని అందులో ఉందట. మంచె ఎక్కిన దోషానికి నాకు తల మీద నుంచి చల్లటి నీళ్లు పోశారు, పదకొండు రోజులు వంటింట్లోకి రానివ్వలేదు. గట్టు దాకా పోయి తిరిగొచ్చిన బావకు ఏ దోషమూ అంటలేదు.

ఈ కథ చాలా ఏళ్లుగా చాలామందికి చెప్పాను. పచ్చ చీర దగ్గర అందరూ నవ్వుతారు, పటేలు దగ్గర తిడతారు, మంచె ఎక్కానంటే నన్ను మెచ్చుకుంటారు. నేను అక్కడితో ఆపేసేదాన్ని.

దహనం అయిపోయిన మరునాడు పొద్దున చెంచు ఆయన మా పెరటి తలుపు దగ్గరికి వచ్చాడు. చేతికి వెదురు బద్దలు కట్టుకుని, గుడ్డతో మెడకు వేలాడదీసుకున్నాడు. వేళ్లు కదలడం లేదు. ఆ చేయి మళ్లీ తాడు పట్టదని చూస్తేనే తెలుస్తోంది. నీళ్లు ఇచ్చాను. తాగి, చెంబు కింద పెట్టి అన్నాడు: "నీ పుణ్యం అమ్మా. నువ్వు సూడకుంటె నన్ను తీస్కవోయి ఆడనే సంపేటోళ్లు. ఊరోళ్లెవరికి రాని ఆలోచన నీకెట్ల వచ్చిందమ్మా, పోయి సూడాలెనని?"

మొదటి రోజు పొద్దుననే తెలుసని చెప్పొచ్చు. నీ చేయి బాగున్నప్పుడే తెలుసని చెప్పొచ్చు. పెరట్లో మేమిద్దరమే ఉన్నాం, బావ లేడు, మా ఆయన లేడు, నోరు మూసుకోమనేవాళ్లు ఎవరూ లేరు.

"ఏమో, ఊకెనే తోచింది" అన్నాను.

కుడి చేయి లేవదు కాబట్టి ఆయన ఎడమ చేయి ఒక్కటే నుదుటికి ఆనించి, నా ముందు నడుము వంచి దండం పెట్టాడు. "సల్లగుండు తల్లీ" అన్నాడు. నేను సరేనని తల ఊపాను.